చదరంగపు గింజలు - ఒక మహాసంఖ్య కథ

చదరంగపు గింజల కథ విననివారు మనలో అరుదు. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు; ఇలా అరవై నాలుగు గడులూ నింపి ఇమ్మని ఒక పండితుడు రాజుగారిని కోరడం, ఇంతేనా అని రాజుగారు నవ్వడం, చివరకు రాజ్యంలోని గాదెలన్నీ ఖాళీ అయినా లెక్క తీరకపోవడం. చిన్నతనంలో ఇంట్లో పెద్దల నోటనో, బడిలో లెక్కల మాస్టారి నోటనో విని, ఆశ్చర్యపడి, ఆ తరువాత మరచిపోయే కథ ఇది. నేనూ అలాగే మరచిపోయాను. కాని ఇంజనీరునై, ఒక విభాగానికి బాధ్యుడినైన తరువాత ఒకనాటి అర్ధరాత్రి అదే లెక్క నన్ను నిద్రలేపినది. ఆ సంగతి తరువాత మనవి చేస్తాను. ముందుగా ఆ సంఖ్యను పాఠకులకు పరిచయం చేస్తాను.

1,84,46,74,40,73,70,95,51,615

ఇరవై అంకెల సంఖ్య. మన పద్ధతిలో చెప్పుకోవాలంటే ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లకు కొంచెం ఎక్కువ.

ఈ సంఖ్య ఎలా వచ్చినది?

అరవై నాలుగు అంకెలను వరుసగా పేర్చి కూడవలసిన పని లేదు. ఏ గడిని తీసుకున్నా, అంతకు ముందున్న గడులన్నింటిలోని గింజల మొత్తం కంటె ఆ గడిలో ఒకే ఒక గింజ ఎక్కువ ఉంటుంది. నాలుగవ గడిలో 8 గింజలు; మొదటి మూడు గడులలో 1, 2, 4 కలిపి 7. అయిదవ గడిలో 16. దానికి ముందు మొత్తం 15. కనుక అరవై నాలుగు గడుల మొత్తం కావాలంటే, లేని అరవై అయిదవ గడిని ఊహించుకొని, అందులోని గింజల నుండి ఒకటి తీసివేస్తే చాలు. అనగా 2⁶⁴ - 1.

2⁶⁴ ను కనుగొనడానికి కూడ అరవై నాలుగు సార్లు గుణించనక్కరలేదు. 2 వర్గం 4. దాని వర్గం 16. ఆపై 256, 65,536, 4,29,49,67,296. దీనిని మరొక్కసారి వర్గం చేస్తే 2⁶⁴ వస్తుంది. ఆరు గుణకారాలతో పని ముగిసినది. మనదేశపు శాస్త్రాలను శ్రద్ధగా అధ్యయనం చేసిన అల్ బిరూనీ క్రీ.శ. 1000 ప్రాంతంలోనే చదరంగపు లెక్కను ఇటువంటి వర్గాల మార్గంలో సాధించి, ఇరవై అంకెల జవాబును ఇచ్చాడు. గింజలు కోరిన పండితుని పేరు సిస్సా అని చెప్పే అరబ్బీ కథనం పదమూడవ శతాబ్దికి చెందిన ఇబ్న్ ఖల్లికాన్ గ్రంథంలో కనిపిస్తుంది.

పద్యంలో ఇమిడిన ఇరవై అంకెలు

ఈ సంఖ్యతో మన తెలుగువారికి ప్రత్యేకమైన బాంధవ్యం ఉన్నది. తొమ్మిదవ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెనిగించాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా దానికి ఖ్యాతి. చదరంగపు గడుల రెట్టింపు లెక్కకు జవాబైన ఇరవై అంకెలనూ ఒకే పద్యంలో ఇమిడ్చి చెప్పిన ఘనత మల్లన పేరునే ప్రసిద్ధమై ఉన్నది.

అంకెలను పద్యంలో చెప్పడానికి ఆనాటివారు భూతసంఖ్యలను వాడేవారు. చంద్రుడంటే ఒకటి, అగ్ని అంటే మూడు, వేదాలంటే నాలుగు, బాణాలంటే అయిదు, పర్వతాలంటే ఏడు, ఏనుగులంటే ఎనిమిది, ఆకాశమంటే సున్నా. ఒక్కొక్క అంకెకు అనేక పర్యాయపదాలు ఉండడం వలన ఛందస్సుకు సరిపోయే మాట దొరుకుతుంది. ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి ఎడమవైపునకు సాగడం నియమం. కంఠస్థం చేసిన విద్యార్థికి పలక, బలపం లేకుండానే ఇరవై అంకెలు నాలుక మీద నిలిచేవి. ఒక అంకె తప్పితే ఛందస్సో అర్థమో చెడి, తప్పు పట్టుబడేది. నేడు మనం సమాచారంతో పాటు తప్పు పట్టే బిట్లను జతచేసి పంపుతున్నాము. ఆనాడు ఆ పని యతిప్రాసలు చేసినవి.

ఇక్కడ ఒక చిన్న వింత గమనించండి. ఈ సంఖ్యలో సున్నా ఉన్నది, ఒకటి ఉన్నది, మూడు మొదలు తొమ్మిది వరకు అన్ని అంకెలూ ఉన్నవి. లేనిది రెండు ఒక్కటే. రెట్టింపు చేయగా చేయగా పుట్టిన సంఖ్యలో రెండు అనే అంకెకే చోటు లేకపోయినది! రెండుకు సంకేతమైన కన్నులతో గాని, చేతులతో గాని మల్లనకు పని పడలేదు.

సంఖ్య లోపలి కట్టడం

ఒక యంత్రాన్ని అర్థం చేసుకోవాలంటే విప్పి చూడాలి. సంఖ్యను విప్పడమంటే దాని ప్రధాన కారణాంకాలను కనుగొనడం. చివరి అంకె 5 కనుక 5 భాగిస్తుంది. అంకెల మొత్తం 87 కనుక 3 భాగిస్తుంది, 9 భాగించదు. అక్కడ నుండి ముందుకు పోవడానికి హైస్కూలులో నేర్చిన సూత్రం ఒకటి ఉన్నది. ఒక వర్గం నుండి ఒకటి తీసివేస్తే, ఆ మూలానికి ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ అయిన రెండు సంఖ్యల లబ్ధం వస్తుంది. ఆ ప్రకారం 2⁶⁴ - 1 అనేది (2³² - 1), (2³² + 1) ల లబ్ధం. మొదటి దానిని మరల అదే విధంగా విడదీయవచ్చు. ఉల్లిపాయ పొరల వలె ఒలుచుకుంటూ పోతే చివరకు మిగిలేవి ఇవి:

3 × 5 × 17 × 257 × 65,537 × 4,29,49,67,297

ఒక్కొక్కటి 2 యొక్క ఏదో ఒక ఘాతానికి ఒకటి కలుపగా వచ్చినదే. ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640 ప్రాంతంలో ఈ వరుసను పరిశీలించి, 3, 5, 17, 257, 65,537 ప్రధాన సంఖ్యలని చూచి, ఆ తరువాత వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే కావాలని విశ్వసించాడు. నిరూపణ తన వద్ద లేదని ఒప్పుకున్నా, విశ్వాసం మాత్రం సడలలేదు. అంతటి మేధావి మాట కావడం వలన దాదాపు తొంభై ఏళ్లు అది నిలిచినది.

1732లో ఆయిలర్ ఆ ఆరవ సంఖ్యను విరగగొట్టాడు. 4,29,49,67,297 ను 641 నిశ్శేషంగా భాగిస్తుంది, భాగఫలం 67,00,417. ఆయిలర్ గుడ్డిగా భాగహారాలు చేసుకుంటూ పోలేదు. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే, దానిని 64తో భాగించినప్పుడు శేషం 1 రావలసినదేనని గ్రహించాడు. అటువంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641 మాత్రమే వరుసగా తగులుతాయి. అయిదవ ప్రయత్నంలోనే పని అయిపోతుంది.

భాగహారం చేయకుండానే 641 సంగతి సరిచూసుకోదలచిన పాఠకులకు ఒక సులువు. 641 అంటే 640 + 1. కనుక 641తో భాగిస్తే 640కి శేషం -1 అనుకోవచ్చు. 640 అంటే 5 × 2⁷. దానిని నాలుగవ ఘాతానికి ఎత్తితే 5⁴ × 2²⁸, శేషం +1. మరొకవైపు 641 అంటే 625 + 16, అనగా 5⁴ + 2⁴. కనుక 5⁴ స్థానంలో -2⁴ ఉంచవచ్చు. అప్పుడు -2³² కు శేషం 1 అని తేలుతుంది. అంటే 2³² + 1 కు శేషం సున్నా. కాగితం మీద నాలుగు పంక్తులు. తొంభై ఏళ్ల విశ్వాసం కూలడానికి అవి చాలినవి.

ఈ విధంగా మన మహాసంఖ్యకు ఏడు వేర్వేరు ప్రధాన కారణాంకాలు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏ ఒక్కటీ రెండుసార్లు రాదు. అందువలన దీనిని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు సరిగ్గా 2⁷, అనగా 128. రెండు ఇక్కడ కూడ వెంట వచ్చినది.

ఇందులో మరొక అందం ఉన్నది. పందొమ్మిదేళ్లయినా నిండని గౌస్ 1796లో, స్కేలు, వృత్తలేఖిని మాత్రమే ఉపయోగించి పదిహేడు భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చునని కనుగొన్నాడు. అటువంటి నిర్మాణానికి లొంగే బేసి భుజాల బహుభుజులన్నీ ఫెర్మా వరుసలోని ప్రధాన సంఖ్యల నుండే పుడతాయి. నేటి వరకు తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు అయిదే. ఆ అయిదింటి లబ్ధం 4,29,49,67,295. అది చదరంగపు పలకలో సరిగ్గా సగం, అంటే మొదటి ముప్పై రెండు గడులలో పట్టే గింజల సంఖ్య!

మహాసంఖ్యకు రెండు ఎక్కువైన పొరుగు సంఖ్య 2⁶⁴ + 1 ఇంత తేలికగా లొంగలేదు. 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి పెద్దమనిషి తన ఎనభై రెండవ ఏట దానిని 2,74,177 × 6,72,80,42,13,10,721 గా విడదీశాడు. పదవీ విరమణకు చేరువవుతున్న నావంటి వారికి ఈ వార్త కొంత ఊరట కలిగిస్తుంది.

సగం పలక, నిండు పలక

గోధుమ గింజ ఒకటి సుమారు 40 మిల్లీగ్రాములు తూగుతుందని అనుకుందాము. చదరంగపు పలకలో సగం నింపడానికి కావలసినవి 172 టన్నులు. మూడు రైలు వ్యాగన్ల సరుకు. ఏ రాజుగారికైనా అది సాధ్యమే. నిండు పలకకు కావలసినవి దాదాపు 73,800 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిసి ఇప్పుడు ఏటా పండించే గోధుమలు 80 కోట్ల టన్నుల ప్రాంతం. అంటే తొమ్మిది వందల ఏళ్లకు పైబడిన పంట. 2,600 టన్నులు మోసే, 600 మీటర్ల పొడవున్న గూడ్సు రేకులలో దీనిని ఎత్తితే, ఆ రేకుల వరుస భూమి నుండి సూర్యుని దాటిపోతుంది.

ఫ్రెంచి గణితజ్ఞుడు లూకా 1883లో హనోయి గోపురం అనే ఆటవస్తువును ప్రచారంలోకి తెచ్చినప్పుడు, దానికి తోడుగా కాశీ క్షేత్రంలో అరవై నాలుగు బంగారు పళ్లేలను ఒక సూది నుండి మరొక సూదికి మార్చుతున్న అర్చకుల కథ ఒకటి కల్పించబడినది. ఆ మార్పిడికి కావలసిన కదలికలు సరిగ్గా మన సంఖ్యే. సెకనుకు ఒకటి చొప్పున కదిపినా 58,000 కోట్ల ఏళ్లు దాటుతుంది. విశ్వం వయస్సు ఇప్పటికి 1,380 కోట్ల ఏళ్లు మాత్రమే.

సగం పలకకు, నిండు పలకకు మధ్య ఉన్న ఈ దూరమే నాకు పాఠం నేర్పినది.

యాభయ్యవ రోజు

ఇరవై ఏళ్ల క్రిందటి మాట. ఒక విద్యుత్ కేంద్రంలో బొగ్గు చేరవేసే కన్వేయర్ల విభాగాన్ని చూస్తున్న రోజులు. కొత్త నియంత్రణ వ్యవస్థ వచ్చినది. అంగీకార పరీక్ష ఏడు రోజులు నడిపి, ఏ లోపమూ లేదని నేనే సంతకం చేశాను. ఆ సమయంలో కొత్తగా చేరిన ఒక యువ ఇంజనీరు, "సార్, ఇందులో గడియారం మిల్లీసెకన్లను లెక్కపెడుతున్నది కదండీ, ఆ కౌంటరు నిండితే ఏమవుతుంది?" అని అడిగాడు. "ముప్పై రెండు బిట్లు బాబూ, 429 కోట్లు దాటాలి. నిండే లోపల మనం రిటైరవుతాము" అని నవ్వి పంపించాను. రాజుగారు నవ్విన నవ్వే అది.

వ్యవస్థను ప్రారంభించినది ఉదయం తొమ్మిది గంటలకు. యాభయ్యవ రోజు రాత్రి రెండు దాటి రెండు నిమిషాలకు నిండు బొగ్గుతో నడుస్తున్న బెల్టులన్నీ ఒక్కసారిగా ట్రిప్ అయినవి. క్షేత్రంలోని యూనిట్ నుండి సంకేతం అందలేదని తెర మీద హెచ్చరిక. షిఫ్టు ఇన్‌ఛార్జి ఫోనుతో లేచి పరుగెత్తాను. చ్యూట్ల వద్ద బొగ్గు పేరుకుపోయి, పారలతో తోడడానికి రెండు షిఫ్టులు పట్టినది. బంకర్లలో మట్టం పడిపోతుంటే అందరి ముఖాలలోనూ ఆందోళన. ఎవరికీ దెబ్బ తగలలేదు, అదొక్కటే అదృష్టం.

కారణం వెదికితే ఏదీ దొరకలేదు. కేబులు కొన వదులుగా ఉండి ఉంటుందన్నారు. ఆ టెర్మినళ్లు బిగించిన టెక్నీషియన్‌కు, ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషికి, సంజాయిషీ కోరుతూ మెమో ఇచ్చాను. నేను బిగించిన తీగ వదులు కాదండి అని ఆయన వ్రాసి ఇచ్చిన జవాబును నేను నమ్మలేదు.

కంట్రోలరుకు సరఫరా తీయలేదు కనుక దాని గడియారం నడుస్తూనే ఉన్నది. మరొక యాభై రోజులకు, ఈసారి సాయంత్రం ఏడు దాటి అయిదు నిమిషాలకు, అదే ట్రిప్. ఆనాడు ఆ యువ ఇంజనీరు ఈవెంట్ ప్రింటరు కాగితాలు రెండు తీసుకొని నా వద్దకు వచ్చాడు. రెండు ట్రిప్‌ల మధ్య వ్యవధి 49 రోజుల 17 గంటల 2 నిమిషాల 47 సెకన్లు. "సెకన్లలోకి మార్చి చూడండి సార్" అన్నాడు. 42,94,967. మిల్లీసెకన్లలో 429 కోట్ల 49 లక్షల 67 వేలు. కాగితం మీద ఆ అంకెలు చూడగానే నాకు చిన్ననాటి చదరంగం గుర్తుకు వచ్చినది. సగం పలక నిండినది.

లోపం ఎక్కడున్నదో అప్పుడు తేటపడినది. క్షేత్రపు యూనిట్ ప్రతి సెకను "ఉన్నాను" అని సంకేతం పంపుతుంది. చివరి సంకేతం అందిన సమయానికి అయిదు సెకన్లు కలిపి, ప్రస్తుత సమయం దానిని దాటితే బెల్టులు ఆపవలెనని ప్రోగ్రాము. కౌంటరు నిండడానికి చివరి అయిదు సెకన్లు మిగిలినప్పుడు, అయిదు సెకన్లు కలుపగానే మొత్తం పొంగి, సున్నా దాటి, అతి చిన్న సంఖ్య అవుతుంది. ప్రస్తుత సమయం దాని కంటె ఎప్పుడో పెద్దది. సంకేతం సక్రమంగా అందుతున్నా అందలేదని యంత్రం తీర్మానించినది.

మెమో ఉపసంహరించుకున్నాను. విచారణ నివేదికలో, ప్రశ్న ముందే వచ్చినదనీ, దానిని త్రోసిపుచ్చినది నేనేననీ వ్రాశాను. ఆ టెక్నీషియన్‌ను పిలిచి క్షమాపణ చెబితే, "పోనీలెండి సార్, తీగది తప్పు కాదని తేలినది, అది చాలు" అన్నాడు. ఆ మాట నన్ను మెమో కంటె గట్టిగా కొట్టినది.

నిండిన తరువాత సున్నా

సవరణ ఒక్క పంక్తి. కూడి పోల్చడానికి బదులు, ప్రస్తుత సమయం నుండి చివరి సంకేత సమయాన్ని తీసివేసి, తేడా అయిదు సెకన్లు దాటినదా అని చూస్తే చాలు. స్కూటరు మీటరు 99,990 వద్ద బయలుదేరి 00,010 వద్ద ఆగితే మనం నడిపినది ఇరవై కిలోమీటర్లే కదా! తీసివేత గడియారం చుట్టూ తిరిగినా తప్పదు. 99,999 ఉన్న మీటరుకు ఒకటి కలిపితే సున్నా. కనుక ఆ మీటరు దృష్టిలో 99,999 అంటే -1 అన్నమాటే. అదే విధంగా, అరవై నాలుగు బిట్ల కంప్యూటరులో అన్ని గడులూ ఒకట్లతో నిండినప్పుడు అది మన మహాసంఖ్య. ఒకటి కలిపితే అన్నీ సున్నాలు. అందుకే అదే బిట్ల వరుసను, చదివే తీరును బట్టి, యంత్రం 1,84,46,74,40,73,70,95,51,615 గా గాని, -1 గా గాని చదువుతుంది.

ఈ తప్పు మా ఒక్కరిదే కాదు. 1996 జూన్ 4న ఏరియన్-5 రాకెట్టు తొలి ప్రయోగంలో, ఒక విలువ 16 బిట్ల చోటులో పట్టక పొంగినందువలన, ఎగిరిన నిమిషంలోపే నాశనమైనది. బోయింగ్ 787 విమానాలలో జనరేటర్ల నియంత్రణ యూనిట్లు 248 రోజులు ఎడతెగక విద్యుత్తుతో ఉంటే ఒక్కసారిగా ఆగిపోగలవని 2015లో అమెరికా విమానయాన అధికారులు హెచ్చరించి, వాటిని మధ్యలో ఆపి తిరిగి నడపవలసినదిగా ఆదేశించారు. సెకనులో నూరవ వంతులను లెక్కపెట్టే కౌంటరు సగం పలకలో సగం నింపడానికి పట్టే కాలం అదే. 1970 నుండి సెకన్లను ముప్పై రెండు బిట్లలో, ఒక బిట్టు గుర్తుకు వదిలి, లెక్కపెడుతున్న పాత యంత్రాలకు 2038 జనవరి 19న, మన సమయం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్ల తరువాత అదే గతి పడుతుంది. మన కర్మాగారాలలో ముప్పై ఏళ్లు నడిచే పరికరాలు ఎన్నో ఉన్నవి. వాటిలో ఎన్నింటికి ఈ గడువు వర్తిస్తుందో ఇప్పుడే జాబితా తయారుచేసుకోవడం మంచిది.

అరవై నాలుగు బిట్లకు మారితే మిల్లీసెకన్ల గడియారం నిండడానికి 58 కోట్ల ఏళ్లు పడుతుంది. నిండు పలక మనకు ఇచ్చే అభయం అది. అయినా ఆ ధైర్యంతో అడగడం మానరాదని నా మనవి. ఏ కౌంటరును చూచినా, ఏ ట్యాంకును చూచినా, అది ఎంత పెద్దదని కాక, ఏ వేగంతో నిండుతున్నదని అడగాలి. 429 కోట్లు అన్న మాట పెద్దదిగా వినిపించినది కనుక నేను మోసపోయాను. నా కంటె ఇరవై ఏళ్లు చిన్నవాడు భాగహారం చేసి చూచాడు కనుక నిజం తెలుసుకున్నాడు.

మీ విభాగంలో కొత్తగా చేరిన ఇంజనీరు ఎవరైనా "ఇది నిండితే ఏమవుతుందండీ?" అని అడిగితే నవ్వి పంపవద్దు. కుర్చీ చూపించి, కాగితం, పెన్ను చేతికి ఇవ్వండి.